కొండవాలు కింద లేఅవుట్: వానలకు ముందు రక్షణ గోడా, కాలువా, గడ్డి కోతా? దేనికి ముందు డబ్బు పెట్టాలి?

వాలుకింద_కాలనీ

విశాఖపట్నంలో మాధవధార వైపు సింహాచలం కొండని ఆనుకుని ఉన్న పాత లేఅవుట్ మాది. మొత్తం 38 ఇళ్ళు. మధ్యలో రాతి కట్టుడు రక్షణ గోడ ఉంది, పొడవు సుమారు 200 అడుగులు, ఎత్తు 10 అడుగుల దాకా. గోడ పైన మట్టి రోడ్డు, దాని మీద 6 ఇళ్ళు, ఆ పైన కొండ. మిగతా ఇళ్ళన్నీ గోడ కింద.

ఇప్పుడున్న పరిస్థితి: గోడ ఒక చోట ముందుకి పొట్ట పెట్టింది. గోడ వెనక నీళ్ళు బయటికి పోయే కన్నాలు చాలామటుకు పూడిపోయాయి. పాములొస్తున్నాయని కొన్నిటిని సిమెంటుతో మూసేశారు కూడా. వాన వెలిశాక రెండు మూడు రోజులు రాళ్ళ సందుల్లోంచి ఎర్రనీళ్ళు కారుతూనే ఉంటాయి. ఉత్తరం పక్కన గెడ్డ (కొండ వాగు) ఉంది. మట్టితో, ఇళ్ళు కట్టినప్పుడు పారబోసిన ఇటుక ముక్కలతో సగం పూడింది. వేసవిలో పై వాలు మీద గడ్డి ఎండి అంటుకుంటోంది.

మొన్న అందరం కూర్చుంటే మూడు మాటలొచ్చాయి. ఒకటి, జేసీబీ పెట్టి వాలంతా గడ్డీ తుప్పలూ లేకుండా గీకించడం. రెండు, కారుతున్న గోడకి ముందువైపు సిమెంటు ప్లాస్టరింగ్. మూడు, పిల్లలు పడిపోకుండా గోడ మీద ఇంకో 4 అడుగుల ఇటుక గోడ. ఉన్న డబ్బుకి మూడూ కావు. ఏది ముందు చెయ్యాలో తెలిసినవారు చెప్పండి.

రాతికట్టు

మూడూ ఆపించండి. మూడూ గోడకి చేటు చేసేవే.

మన కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి. పైపొర ఎర్రగా చివికిపోయి ఉంటుంది. ఎండాకాలం పార దిగనంత గట్టిగా ఉన్నా, తడిసి నానితే పట్టు వదిలేస్తుంది. ఇలాంటి చోట గోడ మట్టి బరువుకంటే ఎక్కువగా నీటి ఒత్తిడికి పడుతుంది. లెక్క చూడండి. మీ 10 అడుగుల గోడ వెనక పొడి మట్టి ఉంటే ప్రతి మీటరు పొడవుకీ తోపు రెండున్నర నుంచి మూడు టన్నులు. వెనక నీళ్ళు గోడ నెత్తి దాకా నిలిస్తే ఒక్క నీళ్ళ తోపే నాలుగున్నర టన్నులు, దానికి నానిన మట్టి తోపు అదనం. అంటే గోడ అదే, మోయాల్సింది రెట్టింపు. నీళ్ళ కన్నాలున్నది ఇందుకే.

కాబట్టి ప్లాస్టరింగ్ వద్దేవద్దు. కన్నాలు పూడిపోయిన గోడకి ఆ రాళ్ళ సందులే ఇప్పుడు దిక్కు. వాటిని మూస్తే మొదటి వాయుగుండానికే తేడా వస్తుంది. అయితే నీళ్ళు ఎర్రగా రావడం మంచి గుర్తు కాదు. నీళ్ళతో పాటు వెనక ఉన్న సన్నమట్టి కొట్టుకొచ్చేస్తోంది, లోపల డొల్ల పడుతోంది. పైన మట్టి రోడ్డు మీద ఎక్కడైనా గుంట దిగిందేమో చూడండి. దిగితే సరిగ్గా దాని కిందే డొల్ల ఉందనుకోవచ్చు.

చెయ్యాల్సింది ఇదీ. ఏప్రిల్, మే నెలల్లో, గోడ ఎండి ఉన్నప్పుడు, కోర్ కటింగ్ మెషిన్‌తో కొత్త కన్నాలు వేయించండి. సుత్తీ శానంతో కొట్టించకండి, రాళ్ళు కదులుతాయి. కన్నం 75 ఎంఎం. కింది వరస నేల నుంచి అడుగు ఎత్తున, 5 అడుగులకొకటి. పై వరస దానికి 4 అడుగుల పైన, కింది కన్నాల మధ్యకి వచ్చేలా. మీ పొడవుకి రెండు వరసలూ కలిపి 80 దాకా అవుతాయి. అడుగున గోడ మందం 5 అడుగుల వరకూ ఉండొచ్చు కాబట్టి ఎక్స్‌టెన్షన్ రాడ్లు ఉన్నవాళ్ళనే పిలవండి. కన్నం లోపలికి వెళ్ళేకొద్దీ 2, 3 అంగుళాలు పైకి లేవాలి, అప్పుడే నీళ్ళు బయటికి జారతాయి. అందులో 63 ఎంఎం పీవీసీ పైపు దింపాలి. మట్టిలోకి వెళ్ళే చివరి అడుగు భాగానికి సన్న కన్నాలు వేసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళు వదిలి మట్టిని ఆపేది) రెండు చుట్లు చుట్టి కట్టాలి. గుడ్డ లేకుండా పైపు పెడితే మళ్ళీ ఎర్రనీళ్ళే. పక్కపక్క కన్నాలు ఒకేసారి వెయ్యద్దు, ఒకటి విడిచి ఒకటి వేసుకుంటూ పోయి, తరవాత మిగిలినవి.

పాముల భయానికి బయటి మూతికి స్టీలు జల్లెడ బిగించండి. సిమెంటుతో మూసిన పాత కన్నాలు కూడా తెరిపించండి.

పొట్ట వచ్చిన చోటికి అటూ ఇటూ 10 అడుగుల వరకూ మెషిన్ పెట్టకండి. అది స్ట్రక్చరల్ ఇంజినీర్ చూశాకే. ఈలోగా కొలత మొదలుపెట్టండి: గోడ పైన ఒక మేకు, దానికి తూకంగుండు, కింద, మధ్య, పైన మూడు చోట్ల దారానికీ రాయికీ ఎంత ఎడముందో కొలిచి గోడ మీదే పెయింటుతో తేదీ వేసి రాయండి. రాతి గోడల ముఖానికి సహజంగానే కొంత వాలు ఉంటుంది, అందుకని ఒక్క కొలతతో ఏమీ తేలదు. బాగున్న భాగంతోనూ, అంతకు ముందు నెల కొలతతోనూ పోల్చాలి. పగులు ఉంటే దాని మీద అడ్డంగా పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) పట్టీ వేసి తేదీ రాయండి. పట్టీ చిట్లితే గోడ కదులుతున్నట్టే.

కొలత పెరుగుతుంటే ఆ ముక్క విప్పి తిరిగి కట్టాల్సిందే. ఒకేసారి 6 నుంచి 8 అడుగులకు మించి విప్పకూడదు. తిరిగి కట్టేటప్పుడు గోడ వెనక అడుగు మందాన 40 ఎంఎం మెటల్ (కంకర రాయి) నింపించండి. ఇక్కడ మేస్త్రీలు గ్రావెల్ అంటే ఎర్ర గ్రావెల్ తోలించేస్తారు. అది నీళ్ళు వదలదు, పట్టుకుంటుంది. బిల్లు మీద కూడా 40 ఎంఎం మెటల్ అనే రాయించండి.

ఇటుక గోడ సంగతి. 4 అడుగుల ఎత్తు, 9 అంగుళాల గోడ మీటరుకి అర టన్ను. బరువు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటి గాలి లాంటిది మళ్ళీ వస్తే ఆ ఇటుక గోడ గాలినంతా పట్టి రాతి గోడ తలని తోస్తుంది. పిల్లల భద్రతకి జీఐ పైపు రెయిలింగ్, దానికి చైన్‌లింక్ మెష్ చాలు. గాలి దాంట్లోంచి పోతుంది, ఖర్చూ తక్కువ.

గెడ్డపక్క

రాతికట్టు గారు చెప్పింది గోడ వెనకకి చేరిన నీటి గురించి. అసలు నీళ్ళు అక్కడికి చేరకుండా చెయ్యడం దానికంటే చవక. నన్నడిగితే మొదటి రూపాయి గోడ పైన కాలువకే పెట్టండి.

మీ 6 ఇళ్ళకి వెనక, కొండ దిగే అంచున, క్యాచ్ డ్రెయిన్, అంటే కొండ నీళ్ళని పట్టి పక్కకి మళ్ళించే కాలువ ఉండాలి. కచ్చా కాలువ తవ్వి వదిలేస్తే లేనిదానికంటే హాని, నీళ్ళని అక్కడే నిలబెట్టి నేలలోకి ఇంకిస్తుంది. సిమెంటు లైనింగ్ తప్పనిసరి. వాలు 100 అడుగులకి కనీసం అడుగు, కుదిరితే రెండు. సైజు గురించి చాలామంది భయపడతారు గానీ, అర ఎకరం వాలు మీద గంటకి 100 మి.మీ. చొప్పున వాన దంచినా వచ్చేది సెకనుకి సుమారు 55 లీటర్లు. అడుగు వెడల్పు, అడుగు లోతు, 100కి రెండడుగుల వాలు ఉన్న శుభ్రమైన కాలువ సెకనుకి 150 లీటర్ల పైనే లాగుతుంది. మరి ఎందుకు పొంగుతాయి? ఆకులు, మట్టి, కొబ్బరి డొక్కలు. అందుకని కాలువని నీళ్ళ కోసం కాకుండా మనిషి పార కోసం కొలిచి కట్టండి: వెడల్పు 18 అంగుళాలు. అడుగు కాలువలో పార తిరగదు. పార తిరగని కాలువలో పూడిక ఎవరూ ఎత్తరు.

60 అడుగులకొకటి, ప్రతి మలుపు దగ్గరా ఒకటి, 2 అడుగుల చదరం 2 అడుగుల లోతు మట్టి గుంట. మట్టి అక్కడ ఆగుతుంది, కాలువంతా ఎత్తక్కర్లేదు. మలుపులో బయటివైపు గోడ అర అడుగు ఎత్తు పెంచాలి, వేగంగా వచ్చే నీళ్ళు అటే ఎగదన్నుతాయి. పై నుంచి గెడ్డలోకి దింపేటప్పుడు నున్నటి జారుడు కట్టకండి. అడుగు అడుగు ఎత్తున మెట్లు కట్టి, చివర 3 అడుగుల గుంటలో పెద్ద రాళ్ళు సిమెంటులో పాతండి. లేకపోతే నీళ్ళు పడిన చోట నేల కోసుకుపోయి, ఆ కోత పైకి పాకి మీ కాలువనే కిందకి లాగేస్తుంది. ఇక నీళ్ళు చేరాల్సింది గెడ్డకే. పక్క లేఅవుట్ వాళ్ళ గోడ మీదకి వదిలితే నీళ్ళతో పాటు తగువూ మొదలవుతుంది.

గోడ నెత్తి మీద, రోడ్డు వైపు, 3 అడుగుల వెడల్పున 4 అంగుళాల మందం పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) వేసి కాలువ వైపు వాటంగా ఉంచండి. రోడ్డు మీది నీళ్ళు గోడ వెనక దిగేది ఈ పట్టీలోంచే.

పై 6 ఇళ్ళ వాళ్ళతో మాట్లాడండి. 1,200 చదరపు అడుగుల శ్లాబు మీద 100 మి.మీ. వాన పడితే 11,000 లీటర్లు. ఒక పెద్ద ట్యాంకరు నీళ్ళు. ఆ శ్లాబు పైపు మట్టిలోకి వదిలి ఉంటే ట్యాంకరు తెచ్చి మీ గోడ వెనక పోస్తున్నట్టే. 4 అంగుళాల పైపుతో నేరుగా కాలువలో కలపాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులు పొంగకుండా బాల్ వాల్వు సరిచూడండి. వాన లేని నెలల్లో కూడా గోడ ఎక్కడైనా తడిగా ఉంటే ఆ పైన కుళాయి పైపో సెప్టిక్ ట్యాంకో లీకవుతోందని అర్థం. వాసన చూస్తే ఏదో తెలిసిపోతుంది.

గెడ్డ పూడిక: మే నెలాఖరుకి ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి. మనకి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు తుఫాన్లతో వస్తాయి, జూన్‌లో ఒక్కసారి తీసి ఊరుకుంటే అప్పటికి మళ్ళీ నిండిపోతుంది. తీసిన మట్టి గట్టు మీద ఒక్క రాత్రి కూడా ఉంచకండి, ట్రాక్టరు వచ్చాకే పని మొదలుపెట్టండి.

బోదగడ్డి

జేసీబీ గురించి ఒక్క మాట గట్టిగా. వాలు మీద ఎర్రమట్టిని పట్టి ఉంచింది ఆ గడ్డి వేళ్ళే. జేసీబీతో గీకితే మంటల భయం ఒక వేసవికి తీరుతుంది, మొదటి వానకే ఆ మట్టంతా కాలువలో, కన్నాల్లో, గెడ్డలో ఉంటుంది. పైగా వాలు మొదట్లో బకెట్టు తగిలి కొంచెం కోసినా పైన ఉన్నది జారడానికి దారిచ్చినట్టే.

గడ్డిని పీకకూడదు, కొయ్యాలి. జనవరి, ఫిబ్రవరిల్లో బ్రష్ కట్టర్‌తో నేలకి 4 అంగుళాలు ఉంచి, ఇంటి ప్రహరీ నుంచి 15, 20 అడుగుల పట్టీ. కోసిన గడ్డి అక్కడే వదిలితే కొయ్యనట్టే, కిందకి దింపెయ్యాలి. కాల్చద్దు. ఆ పట్టీలో చెట్లుంటే కింది కొమ్మలు 6 అడుగుల ఎత్తు దాకా తీసెయ్యండి, నేలమంట కొమ్మకి అందకూడదు. పై వరస ఇళ్ళ వెనక కుళాయికి తగిలేలా 100 అడుగుల హోసు ఒకటి ఉంచండి. మంట కనిపిస్తే 101. వాలు రిజర్వ్ ఫారెస్టు అయితే హద్దు రాయి దాటి కత్తి పెట్టకండి, ఫైర్ లైను (మంట దాటకుండా గడ్డి తీసేసిన పట్టీ) వెయ్యమని అటవీ శాఖకి కాగితం పెట్టండి.

బోడిగా ఉన్న చోట వట్టివేరు నాటండి. దీని వేరు అడ్డంగా పాకదు, నిటారుగా 10 అడుగుల దాకా దిగుతుంది. వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో వరసలు. వరసకీ వరసకీ మధ్య 3 అడుగుల దిగుడు. వరసలో 6 అంగుళాలకొక కుదురు, కుదురుకి 3 పిలకలు. 200 అడుగుల వరసకి 1,200 పిలకలు కావాలి. జూన్ చివర, జూలైలో నాటితే తుఫాన్ల నాటికి నిలదొక్కుకుంటాయి, కానీ పూర్తి పట్టు రావడానికి ఏడాది పైనే పడుతుంది. చెట్ల నీడలో పెరగదు. ఏడాదికి రెండుసార్లు అడుగు ఎత్తుకి కోస్తూ ఉండాలి, లేకపోతే ఇదే ఎండి మంటకి మేత అవుతుంది.

గోడ సందుల్లో రావి, మర్రి, జువ్వి మొలకలు వానకి నేల మెత్తబడినప్పుడు వేలెడంత ఉండగానే తియ్యండి. బొటనవేలు లావు దాటితే లాగకండి, వేరుతో పాటు రాయి కదులుతుంది. మొదలుకి కోసి, చిగురేసినప్పుడల్లా కోస్తూ పోతే చస్తుంది.

పాముల సంగతి కన్నాలతో తీరదు. ఎలకలున్న చోటికే అవి వస్తాయి. గోడ వారన చెత్త, ఇటుకల దొంతరలు, కట్టెలు లేకుండా చూసుకోండి, గోడ పొడవునా వీధి దీపాలు వెలిగేలా చూసుకోండి. కాటు పడితే కట్లు కట్టడాలు, కొయ్యడాలు వద్దు. కాలో చెయ్యో కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్ళండి.

వాలుకింద_కాలనీ

అందరికీ ధన్యవాదాలండి. మూడు ప్రతిపాదనలూ పక్కన పెట్టిస్తాను. ఇంకో రెండు సందేహాలు. పై 6 ఇళ్ళలో ఇద్దరు ఇంకుడు గుంతలు తవ్వించబోతున్నారు, గోడకి 5 అడుగుల దూరంలో. నీటి కొరత ఉంది కాబట్టి కాదనలేకపోతున్నాం. రెండోది, ఈ గోడ ఎవరిదో మాకే స్పష్టంగా తెలీదు. పాత కమిటీ కట్టించిందంటారు కొందరు, వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) కట్టిందంటారు కొందరు.

రాతికట్టు

5 అడుగుల దూరంలో వద్దు. ఇంకుడు గుంత పని నీళ్ళని నేలలోకి పంపడం. మీ గోడ వెనక నేలలోకి నీళ్ళు పోకూడదు. గోడ ఎత్తుకి కనీసం రెండింతలు, అంటే 20 అడుగులు వెనక్కి జరపడం కూడా సరిపోతుందని చెప్పలేను, అది వాలు మీద ఆధారపడుతుంది. సుళువైన దారి: పై ఇళ్ళ శ్లాబు నీళ్ళని సంపులోకి పట్టి వాడుకోమనండి. సంపు నిండాక వచ్చేది పైపుతో గోడ దాటించి, కింద చదునుగా ఉన్న పార్కు స్థలంలో ఒకే ఉమ్మడి ఇంకుడు గుంతకి. నీళ్ళూ దక్కుతాయి, గోడా దక్కుతుంది. సెప్టిక్ ట్యాంకుల సోక్ పిట్‌కీ ఇదే సూత్రం, భూగర్భ డ్రైనేజీ లైను మీ వీధికి వచ్చి ఉంటే ముందు ఆ 6 ఇళ్ళనే కలిపించండి.

ఇంకోటి. పై రోడ్డు మీద ఇసుక లారీ, ట్యాంకరు గోడ వారన ఆగకుండా 10 అడుగుల ఇవతలే రెండు ఇనప స్తంభాలు పాతి అడ్డుకట్టండి. 10,000 లీటర్ల ట్యాంకరు అంటే నీళ్ళే 10 టన్నులు. కింద ఇళ్ళవాళ్ళు కూడా కారు పెట్టుకోడానికని గోడ మొదట్లో అడుగు లోతు కూడా తవ్వకూడదు. గోడ కాలు పట్టు అక్కడే ఉంది.

ప్లాన్_కాపీ

గోడ ఎవరిదో తేలడానికి లేఅవుట్ మంజూరు ప్లాను చూడాలి. వుడా నాటి లేఅవుట్ అయితే ఫైలు ఇప్పుడు వుడా స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏలో అడగాలి, లేదా జీవీఎంసీ (నగర కార్పొరేషన్) టౌన్ ప్లానింగ్‌లో. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. రోడ్లూ, పార్కు స్థలమూ గిఫ్ట్ డీడ్‌తో కార్పొరేషన్‌కి ఇచ్చి ఉంటే, గోడ ఆ స్థలంలో ఉంటే, మరమ్మతు వాళ్ళని అడిగే హక్కు మీకుంది. గోడ ఎవరి ప్లాటులోనైనా పడితే కాలనీ ఖర్చే. హద్దు సర్వే చేయించకుండా డబ్బు వసూలు మొదలుపెట్టకండి.

వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని పిలిచి గోడ చూపించండి. నోటి మాట కాకుండా అర్జీ ఇవ్వండి. పొట్ట వచ్చిన చోటు ఫోటో, తూకంగుండు కొలతలు తేదీలతో, కింద ఎన్ని ఇళ్ళున్నాయో అందులో ఉండాలి. కొలతలున్న అర్జీని పక్కన పడెయ్యడం కష్టం. సంఘం రిజిస్టర్ కాకపోతే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద చేయించండి. బ్యాంకు ఖాతా, కాంట్రాక్టరుతో ఒప్పందం సంఘం పేరు మీద ఉండాలి, ఎవరో ఒకరి పేరు మీద కాదు. వాలు మీద ఒరిగిన పెద్ద చెట్టు తియ్యాలన్నా వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

గెడ్డపక్క

పనులన్నీ అయ్యేదాకా ఈ ఏడాది వానల్ని కూడా దాటాలి కదా, అందుకని ఇది.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ. అతిభారీ హెచ్చరిక వచ్చిందంటే గోడకి దగ్గరున్న ఇళ్ళవాళ్ళు వెనక గదుల్లో పడుకోకూడదు. ఒకరోజు పెద్ద వానకంటే మూడు రోజుల ముసురు మీద పడే వాన ప్రమాదం, నేల అప్పటికే నిండి ఉంటుంది.

కాలనీలో నలుగురు వంతులు వేసుకుని, వెలుగుండగా, గోడకి దూరంగా నిలబడి చూడాలి. తేటగా కారే నీళ్ళు ఒక్కసారి చిక్కటి ఎర్రగా మారడం, నిన్నటిదాకా కారిన చోట కారడం ఆగిపోవడం, పై రోడ్డు మీద గోడకి సమాంతరంగా కొత్త నెర్రె, స్తంభమో చెట్టో ఒరగడం, తలుపులు పట్టెయ్యడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కింది ఇళ్ళు ఖాళీ చేయించి 112కి చెప్పండి. గెడ్డ విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది. వాన జోరుగా పడుతూనే గెడ్డలో నీళ్ళు హఠాత్తుగా తగ్గితే ఊపిరి పీల్చుకోకండి. పైన ఎక్కడో మట్టో చెట్టో అడ్డం పడి నీళ్ళు నిలుస్తున్నాయి, అది తెగితే ఒక్కసారిగా వస్తుంది. గెడ్డ ఒడ్డు ఇళ్ళు వెంటనే దాటించాలి.

నెర్రె కనిపిస్తే, వాన తెరిపిచ్చినప్పుడు, గోడ కింద ఎవరూ లేకుండా చూసుకుని, బంకమట్టితో నింపి పైన టార్పాలిన్ కప్పాలి. టార్పాలిన్ కొండవైపు అంచు మట్టిలో పాతాలి, లేకపోతే పైనుంచి వచ్చే నీళ్ళు దాని కిందకే దూరతాయి. అంచుల మీద బరువుకి ఇసుక బస్తాలు, గోడ నెత్తి మీద మాత్రం పెట్టకండి.

వాలుకింద_కాలనీ

సరేనండి. ఈ వారంలో తూకంగుండు కొలతలు, పై ఇళ్ళ శ్లాబు పైపులు, ప్లాను కాపీకి దరఖాస్తు. క్యాచ్ డ్రెయిన్‌కి, కోర్ కటింగ్‌కి విడివిడిగా కొటేషన్లు అడుగుతున్నాం. రెండిట్లో ఒకటే కుదిరితే?

రాతికట్టు

పొట్ట పెరగకుండా ఉంటే కాలువ ముందు. నెలలో పావు అంగుళం పెరిగినా కాలువ డబ్బు పక్కన పెట్టి ఇంజినీర్‌ని పిలవండి. కోర్ కటింగ్ వాళ్ళు అడుగుల లెక్కన రేటు చెప్తారు. 80 కన్నాలూ ఒకేసారి అక్కర్లేదు, తడి ఎక్కువ ఉన్న 50 అడుగుల ముక్కలో కింది వరస 10 కన్నాలు ముందు వేయించండి. పైపు, గుడ్డ, జల్లెడ మీరే కొని ఇవ్వండి, వాళ్ళ మీద వదిలితే గుడ్డ ఎగిరిపోతుంది.